గోడవైపు తిప్పిన కుర్చీ

మజలాయ ఊరి మగ్గాల మిల్లులో ఏడాదికొకసారి చెవుల పరీక్ష. ఆ పరీక్షలో ఒక్కరూ తప్పరు. అందరూ గట్టెక్కే ఉపాయం మగ్గం నడిపే కొకొమ్‌ది.

అద్దం గదిలో చెవులకు డిప్పలు తగిలించుకుని కూర్చోవాలి. అద్దానికి అవతల నర్సు వివిక్ మీట నొక్కుతుంది. చెవిలో కూత వినపడగానే ఇవతల చెయ్యెత్తాలి. మీట బల్ల చాటున ఉంటుంది గానీ నర్సు మోచెయ్యి చాటున ఉండదు. తొమ్మిదేళ్ల కిందట ఆ సంగతి కనిపెట్టిన కొకొమ్, మగ్గాల మధ్య నిలబడి అందరికీ పాఠం చెప్పింది. మోచెయ్యి కదిలితే చెయ్యెత్తండి, మధ్యలో ఒకటి రెండు వదిలెయ్యండి, లేకపోతే అనుమానం వస్తుంది. ఆ పాఠమంతా పెదాలతోనే. మగ్గాల హోరులో మాటలన్నీ పెదాల మీదే నడుస్తాయి, తిట్లు మరీ స్పష్టంగా. చెవి పోయిందని తేలితే మగ్గం లాక్కుని బట్టలు మడతపెట్టే షెడ్డులో పడేస్తారు, జీతం కోస్తారు. అందుకే అందరూ కొకొమ్‌ను నెత్తిన పెట్టుకున్నారు. ఆమె కూడా పొంగిపోయింది, దాచడమెందుకు?

మార్చిలో మిల్లు లోపలే తోటి నేతగత్తె ఇమాస్‌ను బండి గుద్దింది. నూలు చుట్టిన దూలాలు మోసే ఆ బండి వెనకనుంచి హారన్ కొడుతూనే వచ్చింది. ఇమాస్‌కు వినపడలేదు, తుంటి విరిగింది. కొకొమ్‌ది పక్క మగ్గమే. పదహారేళ్లు ఇద్దరూ ఒకే అరిటాకులో సంబల్ కారం నంజుకుని అన్నం తిన్నారు. పరిహారం అడిగితే ఆఫీసువాళ్లు తొమ్మిదేళ్ల పరీక్ష కాగితాలు తీసి బల్ల మీద పరిచారు. అన్నింట్లోనూ చెవులు భేష్. అంత మంచి చెవులుండీ తప్పుకోలేదంటే అది ఆమె అజాగ్రత్తే కదా అన్నారు.

ఇమాస్ కొకొమ్‌ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ కాగితాలన్నీ తన చలవేనని కొకొమ్‌కు తెలుసు.

ఈసారి పరీక్షకు నిజాయితీగా కూర్చుంటానని, తొమ్మిదేళ్ల మోసాన్ని ఒప్పుకుంటానని ముందే అందరికీ చెప్పేసింది. ఆడవాళ్లు భగ్గుమన్నారు.

"నీ పుణ్యం నువ్వు కట్టుకో అక్కా, మా మగ్గాల జోలికి మాత్రం రాకు," అంది పరీక్ష రోజు వరసలో వెనక నిలబడ్డ తితిన్, ఆమెను తనవైపు తిప్పుకుని.

కొకొమ్ లోపలికి వెళ్లి, కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది. ఎంతసేపైనా చెవుల్లో తన పాత ఈల తప్ప ఏమీ లేదు. తొమ్మిదేళ్ల అలవాటు చేతిని లేపబోయింది. ఒళ్లో అదిమి పట్టుకుంది. ఎక్కడో దూరంగా రెండు కూతలు తగిలాయి, ఆ రెండింటికే ఎత్తింది. ఆ తర్వాత భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే వివిక్, పక్కన అందరూ పా అని గౌరవంగా పిలిచే సూపర్‌వైజర్ దాయత్ నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో కిందటేడాది కాగితమూ, ఈరోజుదీ ఉన్నాయి.

"ఏడాదిలో ఇంత పోదు. నాటకాలాడుతున్నావా?" అన్నాడు. ఆయన పెదాలు చదవడం చిన్న పని, ఎప్పుడూ అరుస్తూనే ఉంటాడు.

"నాటకం ఇవాళ కాదు పా, తొమ్మిదేళ్లూ ఆడాను. ఇమాస్‌కు నేర్పిందీ నేనే. రాసి సంతకం పెడతాను, ఆమె పరిహారం కాగితాలతో కలిపి పంపండి."

"రాశావా, రేపే మడతల షెడ్డుకి పోతావు. ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చాను."

అక్కడే బల్ల మీద వంగి రాసింది. మగ్గం పోతుందని తెలిసీ ఒక్క అక్షరం కొట్టివెయ్యలేదు. దాయత్ చదివి నవ్వాడు. స్నేహితురాలి కోసం స్నేహితురాలు రాసిన కాగితాన్ని ఎవరు లెక్కచేస్తారన్నాడు. కావాలంటే నర్సునే అడుగుదామని వివిక్ వైపు తిరిగాడు.

వివిక్ ఆయనకేదో చెప్పింది. కొకొమ్‌కు ఆమె వీపు మాత్రమే కనపడింది, దాని వెనక దాయత్ మొహం మాడిపోవడం కనపడింది. అప్పుడు వివిక్ ఇటు తిరిగి, మగ్గాల మనుషుల్లాగా పెదాలు సాగదీసి నెమ్మదిగా చెప్పింది.

"నాకు మొదటి ఏడాదే తెలిసింది అక్కా. మీకు కనపడాలనే మోచెయ్యి ఇంకా పైకెత్తేదాన్ని. మీ మగ్గాలు పోకూడదనుకున్నాను."

కొకొమ్‌కు ఆమెను లాగి ఒక్కటివ్వాలనిపించింది. ఆ దెబ్బ ముందు తన చెంప మీదే పడాలని కూడా తెలుసు. కాగితంలో తన సంతకం కింద జానెడు ఖాళీ ఉంది. దాన్ని వివిక్ వైపు జరిపి పెన్ను పక్కన పెట్టింది.

"అయితే మీరూ రాయండి నర్సమ్మా. మోచెయ్యి ఎందుకెత్తారో అది కూడా రాయండి."

వివిక్ కూర్చుని, తల ఎత్తకుండా రాయడం మొదలుపెట్టింది. దాయత్ ఆపమన్నాడేమో. కొకొమ్ ఆయన పెదాల వైపు చూడలేదు.