నాలుగు రోడ్ల దగ్గర మూడో దెబ్బ

నేను ఒక పెద్ద డ్రమ్మును. విజయనగరంలో టేకు చెక్క వంచి, రెండు వైపులా మేకతోలు బిగించి నన్ను తయారుచేశారు. చేయించుకున్నది పైడిరాజు. పెళ్లిబ్యాండుకు పెద్ద, క్లారినెట్ వాయించేవాడు. పదిహేనేళ్లు ఆయనతో పెళ్లిళ్లకు తిరిగాను. ఎందరో పెళ్లికొడుకులను విడిదికి క్షేమంగా చేర్చాను. ఆ తర్వాత వాళ్ల కాపురాలు ఎలా సాగాయన్నది నా పూచీ కాదు.

పెళ్లి ఊరేగింపుకు ఒక పద్ధతి ఉంది. నాలుగు రోడ్లు కలిసే చోట బ్యాండు ఆగి, గుండ్రంగా నిలబడి, ఒక పాట పూర్తిగా వాయిస్తుంది. ఈలోగా వెనకబడ్డ చుట్టాలు వచ్చి కలుస్తారు. తర్వాత నా మీద మూడు దెబ్బలు పడితే అందరూ కదులుతారు. మూడో దెబ్బ దగ్గర పైడిరాజుకు పట్టింపు ఎక్కువ.

"అది కాసింత ఆగి కొట్టాల. అరుగుల మీద కూకున్న ముసిలోళ్లు లెగాల కదా" అనేవాడు.

గోస్తనీ విశ్వవిద్యాలయం పుట్టిన రెండో ఏడు మొదటి స్నాతకోత్సవం వచ్చింది. దానికి బ్యాండు ఉండి తీరాలని రిజిస్ట్రారు గారికి తోచింది. ఏదో విదేశీ పత్రికలో బొమ్మ చూశారట. విద్యార్థులకు బ్యాండు నేర్పడానికి పైడిరాజును తాత్కాలికంగా వేసుకున్నారు. వేడుక సవ్యంగా జరిగితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. అంతకుముందు ఆయన్ను ఊరంతా "ఓయ్ బాజా" అని పిలిచేది. ఇక్కడ విద్యార్థులు "మాస్టారూ" అన్నారు. మొదటిసారి ఆ మాట విని ఆయన వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూశాడు. ఆ ఉద్యోగం ఆయనకు దక్కాలని నేను గట్టిగా కోరుకున్నాను.

నన్ను తవిటినాయుడి మెడకు తగిలించారు. వృక్షశాస్త్రం చదివే కుర్రాడు. వెయ్యి మొక్కల పేర్లు గడగడా చెప్పేవాడు గాని, తన ఎడమకాలు ఏదో చెప్పడానికి ఆలోచించుకునేవాడు. మూడు నెలల్లో పైడిరాజు అతన్నీ దారిలో పెట్టాడు. "ఇది పెళ్లి కాదు బాబూ. ఎక్కడా ఆగొద్దు" అని రోజూ అందరికీ చెప్పేవాడు.

ఆ రోజు రానే వచ్చింది. ముందు మేము, వెనక రిజిస్ట్రారు, ముఖ్య అతిథిగా వచ్చిన ఒక విశ్రాంత న్యాయమూర్తి, ఆ వెనక నల్లగౌన్లలో ఉడికిపోతున్న ఆచార్యులు. గ్రంథాలయం ముందు నాలుగు రోడ్లు కలుస్తాయి. అక్కడికి రాగానే ఒకరు ఆగిపోయారు. ఆయనే, పైడిరాజు. ముప్పై ఏళ్ల అలవాటు, కాళ్లు ఆయన మాట వినలేదు. మాస్టారు ఆగితే శిష్యులు ఆగరా? గుండ్రంగా నిలబడ్డారు. అసలైన పెళ్లిపాట ఒకటి మొదటి నుంచి చివరిదాకా మోగింది.

రిజిస్ట్రారు ముఖం ఎర్రబడింది. న్యాయమూర్తి గారు మాత్రం వియ్యంకుడిలా హాయిగా నిలబడ్డారు. ఎత్తుదారి ఎక్కలేక వెనకబడిన ముసలి ఆచార్యులు వచ్చి కలిశారు. మూడు దెబ్బలు పడ్డాయి, ఊరేగింపు కదిలింది.

"వెనకున్నవాళ్ల కోసం ఆగడం ఎంత బాగుందండీ! ఎవరిదీ ఆలోచన?" అన్నారు న్యాయమూర్తి.

"మా విశ్వవిద్యాలయ సంప్రదాయమండి" అన్నారు రిజిస్ట్రారు, వయసు రెండేళ్లున్న విశ్వవిద్యాలయం తరఫున.

ఆ సాయంత్రమే పైడిరాజుకు కాగితం అందింది. అనుమతి లేకుండా ఊరేగింపును ఆపినందుకు ఆయన సేవలు ఇక అక్కర్లేదట. ఆయన నా తోలు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. నన్ను అప్పటికే విశ్వవిద్యాలయం సామాను జాబితాలో ఎక్కించారు కాబట్టి ఆయన వెంట వెళ్లనివ్వలేదు.

మరుసటి ఏడు సైన్యంలో పనిచేసి వచ్చిన కొత్త మాస్టారికి సర్క్యులర్ ఇచ్చారు: "గ్రంథాలయ కూడలిలో ఊరేగింపు సంప్రదాయానుసారం ఆగవలెను." ఆగాం. పాట అయిపోయింది. మళ్లీ ఎప్పుడు కదలాలో అందులో లేదు. మాస్టారు రిజిస్ట్రారు ఆజ్ఞ కోసం, రిజిస్ట్రారు మాస్టారి కోసం ఎదురుచూశారు. మాడు పగిలే ఎండ. గౌన్లు తడిసిపోయాయి.

రోడ్డు పక్క జనంలోంచి ఒక గొంతు వచ్చింది. "మూడు దెబ్బలు కొట్టండి బాబూ! మూడోది కాసింత ఆగి!"

పైడిరాజే! నన్ను చూసిపోదామని వచ్చాడు కాబోలు. కొట్టారు, కదిలాం. రిజిస్ట్రారు ఆయన వైపు చూడకుండా నడిచారు. ఆ పై ఏడు సర్క్యులర్‌లో "మూడు దెబ్బలతో కదలవలెను" అని చేర్చారు.

ఇప్పుడు నేను గ్రంథాలయంలోనే, కిటికీ పక్కన గాజుపెట్టెలో ఉన్నాను. ఆగే సంప్రదాయాన్ని మొదటి రిజిస్ట్రారు గారు నెలకొల్పారని కింద చీటీ అంటించారు. తవిటినాయుడు ఇక్కడే ఆచార్యుడై రిటైరయ్యాడు. మోకాళ్ల నొప్పి. ఏటా ఊరేగింపు ఆగగానే ఎదుటి మెట్ల మీద కూర్చుంటాడు. కొత్త డ్రమ్ము మీద మూడు దెబ్బలు వరసగా, ఒకే లెక్కన పడతాయి. అతను లేచేసరికి ఊరేగింపు వెళ్లిపోతుంది.