ముప్పై నాలుగో నంబరు నిక్కరు

భోజన్న మేజోళ్లను ఒక్కొక్కటే లోపలివైపు బయటికి తిప్పి తొట్టిలో వేశాడు. ఆ తర్వాత నిక్కర్లు. ప్రతి నిక్కరునూ ట్యూబ్‌లైటు కింద పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తేగాని నీళ్లలో పడనివ్వడు. గడ్డి మరక మహా మొండిది. వేడినీళ్లు తగిలాయంటే బట్టలో ఇంకిపోయి జన్మకు వదలదు. ముందు వెనిగరు కలిపిన చన్నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, ఆ తర్వాతే మెషీన్‌లో వేయాలి.

దుబాయి పక్కనున్న అజ్మాన్‌లోని ఆ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ల బట్టలు ఉతకడం అతని పని. జగిత్యాల పక్క పల్లెనుంచి బిల్డింగ్ పనికని వచ్చి, పరంజా మీదినుంచి పడి మోకాలు పాడుచేసుకుని, బరువులు ఎత్తనక్కరలేని పని ఏదైనా చాలనుకుని ఇందులో చేరాడు. చేరి పందొమ్మిదేళ్లు. ఇన్నేళ్లు మరకలు చూసి చూసి ఆ చూపు జోస్యం దాకా పోయింది. తుంటి మీద పొడుగాటి పచ్చచార ఉంటే జారి బంతిని ఆపాడని. మేజోళ్ల పై అంచున రెండు మచ్చలుంటే గోలు కొట్టి మోకాళ్ల మీద వంగి దేవుడికి సజ్దా చేశాడని. ఏ మరకా లేకపోతే జీతం దండగని. టీ తాగే దగ్గర ఈ తీర్పులన్నీ ఉచితంగా చెప్పేవాడు. చాలావరకు నిజమయ్యేవి కూడా. అడిగేవాళ్లుంటే చెప్పడం ఏ మనిషికి రుచించదు?

ఆ రోజు పొద్దున ఫోన్‌లో భార్య బాలవ్వ ఒక ప్రశ్న వేసింది.

"పందొమ్మిదేండ్లాయె వాళ్ల బట్టలుతుకవట్టి. ఒక్క ఆటన్న జూసినవా?"

ఆట జరిగేంతసేపూ భోజన్న గ్యాలరీ కింద గదిలో, సగం ఆటయ్యాక మార్చుకునే పొడి బట్టలు ఇస్త్రీ చేస్తూ ఉంటాడు. నెత్తిన జనం కాళ్లు దడదడలాడితే ఏదో అయిందనుకోవడమే. అరవై నిండాయి, వీసా రద్దయింది, ఈ సాయంత్రం ఏడింటికి విమానాశ్రయానికి తీసుకెళ్లే వ్యాను వస్తుంది. ఊళ్లో ఎవరైనా ఆట ఎట్లుంటదని అడిగితే ఏం చెప్పాలి?

"ఇయ్యాల జూస్త తియ్యి," అన్నాడు.

చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. గోలు ముందు నిలిచి ఎదుటివాళ్లను అడ్డుకునే వరసలో పాతకాపు లాల్ అహ్మద్ తొడ నరం పట్టేసి మంచమెక్కాడు. అతని బదులు ముప్పై నాలుగో నంబరు ఫైజల్ మొదటిసారి పెద్ద జట్టులో దిగుతున్నాడు. ఇరవై ఏళ్లవాడు. అజ్మాన్‌లోనే పుట్టాడు, తండ్రిది నిజామాబాద్. కొత్తవాడు ఆపగలడా లేదా అని క్లబ్బంతా ఒకటే చర్చ. బట్టల గదికి పెద్ద అయిన ఇమామ్ హుస్సేన్ అసలు సంగతి చెప్పాడు.

"ఇయ్యాల తేలకపోతే బయటి దేశంకెళ్లి ఒకణ్ని దెస్తరంట. ఫైజల్ మళ్ల చిన్న జట్టుకే. గంతే."

భోజన్నకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. నాలుగు నెలల కిందట, ఫైజల్ చిన్న జట్టులోకి వచ్చిన కొత్తలో, అతని నిక్కర్లు ఉతక్కుండానే ఉతికినట్టుండేవి. "గిట్ల తెల్లగుంటే గోల్ ఎవడాపుతడు? వీడు ఇస్త్రీ ఫైజల్!" అని టీ దగ్గర ఒక మాట విసిరాడు. అందరూ పడీపడీ నవ్వారు. పేరు అతుక్కుపోయింది. పది రోజులు తిరగకుండా ఫైజల్ నిక్కర్లు పచ్చిగడ్డిలో పొర్లినట్టు రావడం మొదలైంది. మాట పడ్డాక మనిషి బాగుపడ్డాడని భోజన్న లోలోపల మురిసిపోయాడు కూడా.

నాలుగున్నరకు ఆట మొదలైంది. భోజన్న ఆటగాళ్లు బయటికి వచ్చే దారి మొగలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎండ తగ్గింది. గడ్డి ఇంత పచ్చగా ఉంటుందని అతనికి మరకలు చూసి తెలుసుగాని, కళ్లారా చూసి తెలియదు.

మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఫైజల్ ఒక్కడినే చూడటం మొదలుపెట్టాడు. బంతి దగ్గరికొస్తే చాలు, కుర్రాడు నేలమీదికి జారుతున్నాడు. రెండుసార్లు బంతి కాలికి తగిలింది. మూడోసారి ఎదుటివాడు బంతిని పక్కకు లాగి, పడివున్న ఫైజల్ మీదినుంచి దూకి, తాపీగా గోలు కొట్టాడు. తలకాయలు పట్టుకున్నారు జనం. ఫైజల్ లేచి, చేత్తో తుంటి మీది మరక తడుముకున్నాడు.

భోజన్న చూపు అవతలి జట్టు వైపు మళ్లింది. అక్కడా ఫైజల్ చేసే పనే చేసేవాడు ఒకడున్నాడు. ముదురు మనిషి. అతను పరుగెత్తినట్టే లేడు, బంతి మాత్రం వెతుక్కుంటూ వచ్చి అతని కాళ్ల దగ్గరే ఆగుతోంది. నిక్కరు మల్లెపువ్వు. ఇదెట్లా? భోజన్నకు తన ఊరి వరిమడి గుర్తొచ్చింది. గండి పడ్డాక బురదలో దిగి మన్ను మోసేవాణ్ని ఊరంతా చూస్తుంది. గండి పడకుండా ముందురోజే గట్టు సవరించినవాడి కాళ్లకు బురదే ఉండదు, వాణ్ని ఎవడూ చూడడు.

అంటే పడేవాడు ఆలస్యంగా వచ్చినవాడన్నమాట. పందొమ్మిదేళ్ల జోస్యం ఒక్కసారిగా తలకిందులైంది.

సగం ఆటయ్యాక పొడి బట్టల బుట్టతో లోపలికి వెళ్లాడు. ఫైజల్ మూలన బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. కోచ్ ఇంకా రాలేదు. భోజన్న నిక్కరు చేతికిస్తూ మెల్లగా అడిగాడు.

"బిడ్డా, ఊకె ఎందుకు పడుతున్నవ్?"

ఫైజల్ తలెత్తాడు. "నువ్వే అన్నవ్ గద చాచా. మరక లేకుంటే ఆటనే కాదని."

నోరా, వీపుకు తేకే అంటారు. భోజన్న నోరు మాత్రం వేరేవాడి వీపుకు తెచ్చింది. బుట్ట కింద పెట్టి అతని పక్కనే కూర్చున్నాడు.

"నేను బట్టలుతికెటోణ్ని బేటా. నాకు మరక దెలుసు, ఆట దెల్వది. ఇయ్యాలే మొదటిసారి జూసిన. తప్పు మాటన్న. నువ్వు మునుపు ఎట్ల ఆడేటోనివో గట్లనే ఆడు. నిక్కర్ తెల్లగ తీస్కరా. నాకు రుద్దే పని తప్పుతది."

నవ్వు లాంటిది ఒకటి ఫైజల్ పెదవి మీదికి వచ్చింది. "నిజంగ? సచ్చీ?" అన్నాడు.

"మా బాలవ్వ తోడు."

రెండో సగం భోజన్న రెప్ప వేయలేదు. ఫైజల్ నిలబడే ఉన్నాడు. ఎదుటివాడు బంతి ఎటు కొట్టాలా అని చూసేలోపు తను అటు రెండడుగులు వేసి ఉంటున్నాడు. వాళ్లు విసుగెత్తి ఆ పక్కకు రావడమే మానేశారు. ఇంతలో మనవాళ్లు ఒక గోలు కొట్టారు. ఆఖర్న బంతి ఒకటి సందులోంచి దూసుకొచ్చింది. ఫైజల్ అప్పటికే అక్కడున్నాడు. పాదంతో ఆపి, గోల్‌కీపర్‌కు అందించి, వెనక్కి తిరిగాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోల్‌కీపర్ ఒక్కడు బొటనవేలు ఎత్తి చూపించాడు. దారి మొగలో నిలబడ్డ ముసలివాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆట ఒకటి ఒకటిగా ముగిసింది. అరగంట తర్వాత ఇమామ్ హుస్సేన్ ఒగరుస్తూ వచ్చాడు.

"భోజన్నా! బయటికెళ్లి ఎవ్వర్నీ తేవొద్దని మేనేజర్‌కు కోచ్ జెప్పిండు. శుక్రవారం గూడ ఫైజలేనంట!"

భోజన్న గుండె నిండిపోయింది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చి భయమేసింది. ఈ పందొమ్మిదేళ్లలో తను జీతం దండగన్న తెల్ల నిక్కర్లవాళ్లు ఎందరు? వాళ్లెక్కడున్నారో, ఏమయ్యారో.

బయట వ్యాను హారన్ మోగింది. ఫైజల్ తలుపు దాకా వచ్చి, "మళ్ల ఎప్పుడొస్తవ్ చాచా?" అని అడిగాడు.

"ఖలాస్ బేటా. ఇగ రాను," అని భోజన్న అతని తల నిమిరాడు.

కుర్రాడు వెళ్లాక మాసిన బట్టల బుట్ట దగ్గరికి వచ్చాడు. రేపు కొత్త మనిషి వస్తాడు. అతనికి చెప్పాల్సింది చాలా ఉంది, చెప్పే వ్యవధి లేదు. బుట్టలోంచి ఒక్క నిక్కరు ఏరి తీశాడు. వెలుతురుకు పట్టుకుని, పాత అలవాటు కొద్దీ అటూ ఇటూ తిప్పి చూశాడు. నీళ్లలో వేయలేదు. మడత పెట్టకుండా బల్ల మీద పరిచి, చేతులు తుడుచుకుని, లైటు ఆర్పకుండానే వెళ్లిపోయాడు.

ట్యూబ్‌లైటు కింద ముప్పై నాలుగో నంబరు నిక్కరు, నడుము చుట్టూ చెమట ఆరిన ఉప్పు చారలతో, ఒక్క పచ్చ మరకైనా లేకుండా.