పై వరుస

అనుభవం లేనివాళ్లకు ఉద్యోగం ఇవ్వరట. ఉద్యోగమే ఇవ్వకపోతే అనుభవం ఆకాశం నుంచి ఊడిపడుతుందా? చెప్పుల దుకాణంలో పనిచేస్తూ డేటాబేస్ పాఠాలు నేర్చుకున్న ఆ పిల్లను ఎక్కడికి వెళ్లినా ఆ ఒక్క మాటే అడిగి పంపించేశారు. చివరికి ఆమె అక్క మొగుడు, బావే ఒడ్డున పడేశాడు. రక్తపరీక్షల ల్యాబులో రోగుల వివరాలుండే డేటాబేస్ చూసే మనిషి ఆయన. మేనేజరు ముందు నిలబడి, "మా మరదలండీ. ఏం జరిగినా నా పూచీ" అన్నాడు. ఏ పనీ నింపాదిగా చేయదని ఇంట్లో ఆమెను తొందరమ్మ అని ఏడిపించేదీ ఆయనే.

"రోజూ రాత్రి డేటా అంతటికీ నకలు తీసి పెడుతుంది. పొద్దున రాగానే ఆ బ్యాకప్ మెయిల్లో ఆకుపచ్చ టిక్కు చూడు. అదుంటే కొంపలు మునిగినా భయం లేదు" అని మొదటి రోజే చెప్పాడు. ఆమె రోజూ చూసేది. టిక్కు రోజూ ఉండేది.

ఆ రోజు బావ మీటింగులో ఉండగా కౌంటరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో ముసలాయన పేరు తప్పు పడిందట, రిపోర్టు చేతికిచ్చేదాకా కదలనని కూర్చున్నాడట. ఓస్ ఇంతేనా అనుకుంది తొందరమ్మ. రెండు వరుసల ఆదేశం రాసింది. పేరు ఇలా మార్చు అని పై వరుస. ఈ నంబరు రోగికి మాత్రమే అని కింది వరుస. మౌసుతో ఎంత మేర గీసి ఎంచుకుంటే అంతే అమలవుతుంది. ఆమె గీసింది పై వరుస ఒక్కటే. మీట నొక్కేసింది.

ఒక్క పేరు మారిందని రావాలి. వేలల్లో అంకె వచ్చింది.

ఆమె రోగుల జాబితా తెరిచి చూసింది. చంటిపిల్లలూ, గర్భిణులూ, ఆ ల్యాబు గడప తొక్కిన ప్రతి ప్రాణీ ముసలాయన పేరు పెట్టుకుని కూర్చుంది. ఏ రక్తం ఎవరిదో చెప్పే దిక్కు లేదు.

బావ పరుగున వచ్చాడు. తిట్టలేదు. "బ్యాకప్ ఉందిగా, ఎందుకే ఆ ఏడుపు మొహం" అంటూ ఫైలు తెరిచాడు. ఖాళీ. ముందు రోజుదీ ఖాళీ. నెలల కిందటిదీ అంతే. నకళ్లు దాచే డిస్కు ఎప్పుడో నిండిపోయింది. మెయిలు పంపే ప్రోగ్రాము మాత్రం బుద్ధిగా టిక్కు పెడుతూ వచ్చింది. ఆ ప్రోగ్రాము రాసింది బావే. ఒక్కసారైనా ఫైలు తెరిచి చూద్దామని ఆయనకూ తోచలేదు, ఆమెకూ తోచలేదు.

"ఎవరి పని ఇది?" అన్నాడు మేనేజరు.

"నేనే నొక్కా..." అనబోయింది.

"బ్యాకప్ నాది. పూచీ నాది" అన్నాడు బావ, ఆమె వైపు చూడకుండా.

సాయంత్రానికి ఆయన్ని పంపించేశారు. ఆమెను ఉంచుకున్నారు. పాత కాగితాలు తిరగేసి పేర్లన్నీ మళ్లీ ఎక్కించడానికి మనిషి కావాలిగా. "ఇప్పుడు నీకు అనుభవం ఉంది" అన్నాడు మేనేజరు. అది వేళాకోళమో కాదో ఆమెకు తెలియలేదు.

ఇంటికి వెళ్తే అక్క ఇద్దరికీ వడ్డించి, తను తినకుండా లేచిపోయింది. బావ తొందరమ్మా అని ఒక్కసారి పిలిచినా బాగుండేది. పిలవలేదు.

మర్నాడు బావ కుర్చీలో కూర్చుని, మొదటి పేరు సరిచేయడానికి రెండు వరుసలు రాసింది. రెండూ కలిపి గీసింది. చెరిపి మళ్లీ గీసింది. వేలు మీట మీదికి పోనంటోంది. కౌంటరు ఫోన్ మోగింది.

"ఒక్క పేరుకి ఇంతసేపా? కొత్తగా చేరారా?"

"కాదండీ" అంది.