సామంతుడి కప్పం

కురుమ పెద్దులుకు చరిత్ర అంటే ప్రాణం. అదొక్కటే అయితే అతని భార్య బక్కమ్మ ఎలాగో సర్దుకునేది. చరిత్రతో పాటు ఒక పొట్టేలంటే కూడా ప్రాణం కావడంతో ఆ ఇంట్లో ఆమె స్థానం మూడోదానికి జారింది. మందలో గొర్రెలు ఈనే రోజుల్లో అయితే ఇంకా కిందికి.

వాళ్లది కట్టంగూరుకు కాస్త ఎడంగా, గుట్టల నడుమ ఉన్న ఊరు. చిన్నప్పుడు గొర్రెలు కాస్తూనే ఊరి పంతులుకు మేకపాలు పోసి పెద్దులు అక్షరాలు నేర్చుకున్నాడు. అంతటితో ఆగి ఉంటే ఎవరికీ నష్టం లేదు. ఈమధ్య కట్టంగూరులో ఎవరో కుర్రాళ్లు గ్రంథాలయం పెట్టారు. అక్కడి నుంచి ఓరుగల్లు రాజుల చరిత్ర పుస్తకం ఒకటి తెచ్చుకున్నాడు. వాళ్లు తిరిగి ఇమ్మని కబురు పెడితే, వందల ఏళ్ల చరిత్రను వారం రోజుల్లో చదివి ఇమ్మనడం న్యాయమేనా అని ఎదురు కబురు పెట్టాడు. అప్పటి నుంచి అతనికి కళ్ల ముందు జరిగేది ఏదీ ఉన్నది ఉన్నట్టు కనిపించడం మానేసింది.

పొట్టేలు సంగతికి వస్తే, అది పుట్టగానే తల్లి చచ్చిపోయింది. పెద్దులు దాన్ని ఇంట్లోనే పెట్టుకుని, గుడ్డ పీలికను పాలలో ముంచి తాగించి పెంచాడు. పెరిగి పెద్దదై, మెలికలు తిరిగిన కొమ్ములతో, వెడల్పాటి రొమ్ముతో చూడముచ్చటగా తయారైంది. దానికి సామంతుడు అని పేరు పెట్టాడు. చక్రవర్తి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే రోజూ పొద్దున్నే ఉలవ గుగ్గిళ్లు దోసిట్లో పట్టుకుని నిలబడేది చక్రవర్తి, తినేది సామంతుడు. కప్పం ఇలా తిరగబడి నడిచిన రాజ్యం ఆ ఒక్క ఇంట్లోనే ఉండేది.

సామంతుడు దొడ్డిగోడను పొడిచి కూలగొడితే, కోట ముట్టడి అన్నాడు పెద్దులు. పక్కింటి కోడి తరిమితే అది ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి గొంగడి వెనక దాక్కుంది. గొప్ప గొప్ప సేనాపతులు కూడా సమయం చూసి వెనక్కి తగ్గారని సమర్థించాడు. ఒకసారి గోడవైపు తిరిగి పొద్దంతా కదలకుండా నిలబడితే, రాజ్యం పోయిన రాజుల విరక్తి అలాగే ఉంటుందని కంటతడి పెట్టాడు. ఆ రోజు దానికి అజీర్ణం చేసిందంతే.

ఇక అది అంబలి కుండ పగలగొట్టిన రోజున దండయాత్ర అన్నాడు.

"నీ దండయాత్ర పాడుగాను! కుండ పలిగి అంబలంతా మన్నుపాలాయె. పొద్దుమీకి ఏం తింటవయ్యా, చెరిత్ర తింటవా?" అని బక్కమ్మ చీపురు తీసుకుంది. కొట్టాల్సింది ఎవరిని అన్నది తేలకపోవడంతో ఇద్దరూ బతికిపోయారు.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. సర్కారు మనిషి ఎవరు వచ్చినా కురుమవాడ నుంచి వంతు ప్రకారం కోసుకోవడానికి ఒక యాట, గొర్రో పొట్టేలో, పోవాలి. గిర్దావరు వస్తే గిర్దావరుకు, ఆయన గుమాస్తా వస్తే గుమాస్తాకు, ఇద్దరూ రాకపోతే ఎందుకు రాలేదోనన్న దిగులు తీరడానికి పటేలుకు. వాడలో వాళ్లు దీన్ని వెట్టి అని తిట్టుకునేవారు. పెద్దులు మాత్రం చదువుకున్నవాడు కాబట్టి, "వెట్టి కాదు, గిది కప్పం. పెద్ద పెద్ద రాజులే కట్టిన్రు, మనమెంత?" అని అందరికీ ఓపిగ్గా వివరించేవాడు. వంతు పక్కింటివాళ్లదైన రోజున ఇంకా బాగా వివరించేవాడు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది, వానలు పడీ పడని రోజుల్లో, ఊరి మస్కూరి పోచయ్య తాడు పట్టుకుని అతని వాకిట్లోకి వచ్చాడు. పటేలు చెప్పిన పనులన్నీ చేసి, చెప్పని పనులకు తిట్లు తినడం పోచయ్య ఉద్యోగం.

"పెద్దులన్నా, గిర్దావరు సారొస్తుండు. వంతు నీదే."

"గంతే గదా, తోలుకపో. గా తెల్లగొర్రెను పట్టు, మంచిగ బలిసింది," అన్నాడు పెద్దులు ఉదారంగా.

"తెల్లది కాదన్నా. ఇంట్ల కట్టేసుకున్నవు సూడు, కొమ్ములది. గదే తెమ్మన్నడు పటేలు."

కప్పం గురించి పెద్దులు చెప్పిన మాటలన్నీ అప్పుడే ఎవరో వచ్చి అడ్డంగా కొట్టేసినట్టు ఒక్కటీ గుర్తురాలేదు. గుర్తొచ్చింది ఇంకొకటి. దేవుడికిచ్చిన మాన్యం జోలికి ఏ రాజూ పోకూడదు. పోతే వంశం నాశనమవుతుందని శాసనాల చివర తిట్లు చెక్కించేవాళ్లు.

"గది నాది కాదు పోచన్నా," అన్నాడు. "బీరప్పది. మొక్కిన."

"ఎప్పుడు మొక్కినవు?"

"పోయినేడు మందకు రోగమొచ్చె సూడు, గప్పుడు."

కురుమల కులదేవుడి పేరు వినగానే పోచయ్య చేతిలో తాడు కింద పడేసి, సామంతుడికి రెండు చేతులా దండం పెట్టాడు. సామంతుడు ఆ తాడు నమలడానికి ప్రయత్నించింది. చివరికి తెల్లగొర్రే పోయింది. పటేలు కూడా అడ్డు చెప్పలేదు. ఆయనకు మనుషులంటే భయం లేదు గాని దేవుడంటే ఉంది. ఊళ్లో ఆయన వెట్టి చేయించుకోలేకపోయింది దేవుడొక్కడి చేతే మరి.

ఆ సాయంత్రం పెద్దులు ఆనందం పట్టలేకపోయాడు. యుద్ధం లేకుండా, ఒక్క మాటతో గెలవడాన్ని రాజనీతి అంటారని బక్కమ్మకు చెప్పాడు.

"రాజనీతి గాదు, దేవుని పేరు మీద అబద్ధం," అంది బక్కమ్మ.

మూడు రోజులు గడవకముందే కులపెద్ద జానయ్య గొంగడి దులుపుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మొక్కిన ముచ్చట ఇంట్ల దాసుకుంటరా పెద్దులూ? దేవుని యాటను దేవునికియ్యక బిడ్డ లెక్క సాదుకుంటున్నవు. పండుగ దగ్గరికొచ్చె. గా దినం బీరప్ప గుడి కాడికి తోలుకరా."

పెద్దులు మళ్లీ పుస్తకాన్నే నమ్ముకున్నాడు. "తొందరేముంది మామా? రాజులకైతే మొక్కు తీర్చనీకె తరాలు పట్టింది. తాత గుడి మొదలువెడితే మనుమడు కలశమెత్తిండు."

"ఆళ్లు కట్టాలె, గందుకు తరాలు పట్టింది. నువ్వు కొయ్యాలె. కోసుడుకు తరాలెందుకురా?"

దీనికి జవాబు పుస్తకంలో దొరకలేదు. అబద్ధమాడానని ఒప్పుకుందామంటే, దేవుడి పేరు వాడుకున్నందుకు కులం ఊరుకోదు. ఊరుకున్నా, దేవుడిది కాదని తేలిన మరుక్షణం పోచయ్య తాడుతో వస్తాడు. పైగా ఆ వారంలోనే జానయ్య మందలో రెండు పిల్లలు కడుపుబ్బి చచ్చాయి. అవి ఏ పిచ్చి ఆకో మేసి ఉంటాయి. కాని వాడంతా ఒక్క గొంతుతో పెద్దులు మొక్కు తీర్చకపోవడం వల్లే అంది. పెద్దులుకు ఒప్పుకోక తప్పలేదు.

పండుగ ముందురోజు పెద్దులు అన్నం ముట్టలేదు. బక్కమ్మ గుగ్గిళ్లు ఉడికించి, తనే తీసుకెళ్లి సామంతుడి ముందు పెట్టింది. "తిను. నా కుండలన్ని పలగ్గొట్టినవు, నా కొంప గుండం జేసినవు, తిను," అని తిడుతూ, అది తిన్నంతసేపూ దాని వీపు నిమురుతూ కూర్చుంది. పెద్దులు చూశాడు. ఆ సంఘటనకు పోలిక ఏ రాజ్యంలోనూ వెతకలేదు.

మర్నాడు బీరప్ప గుడి దగ్గర వాడంతా చేరింది. డోళ్లు మోగుతున్నాయి. పటేలు కోసం కుర్చీ ఒకటి మోసుకొచ్చి నీడలో వేశారు. ఆయన భక్తితోనే వచ్చాడు. దేవుడికి కోసిన ప్రతి యాటలోనూ ఒక వెనక కాలు ఆయన వాటా కావడం వల్ల ఆ భక్తి ఏనాడూ తగ్గింది లేదు.

సామంతుడికి పసుపు పూసి, బొట్టు పెట్టి, మెడలో వేపమండ కట్టారు. వీపు మీద నీళ్లు పోస్తే యాట ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. అది తాతల నాటి నుంచీ ఉన్న నియమం. జానయ్య చెంబెడు నీళ్లు తల మీద, వీపు మీద పోసి పక్కకు తప్పుకున్నాడు. డోళ్లు ఆగాయి.

సామంతుడు కదల్లేదు. ఇంకో చెంబు పోశారు. హాయిగా కళ్లు మూసుకుంది.

జరిగిందేమిటంటే, ఆ ఊళ్లో ఏ యాటకూ లేని భోగం ఒకటి దానికి ఉంది. పెద్దులు రోజూ దాన్ని మోటబావి దగ్గరికి తీసుకెళ్లి స్నానం చేయించేవాడు. మిగతా గొర్రెలకు నీళ్లు పడితే ఒళ్లు జలదరిస్తుంది. దీనికి మాత్రం నీళ్లు పడితే ఆ తర్వాత గుగ్గిళ్లు వస్తాయని తెలుసు. అందుకే మూడో చెంబు తర్వాత పెద్దులు దోసిలి వైపు మెడ చాచి చూసింది.

జనం గుసగుసలాడారు. జానయ్య మొహం నల్లబడింది. "దేవుడు ఒప్పుకుంటలేడు," అన్నాడు చివరికి.

పెద్దులు గుండెలో అంత సంతోషం అంతకుముందెప్పుడూ లేదు. అబద్ధం చెప్పిన తన మొహం చూసి కాకపోయినా, అమాయకమైన ఆ మూగప్రాణి మొహం చూసి దేవుడు కరుణించాడనుకున్నాడు. ముందుకెళ్లి సామంతుడి మెడ కావలించుకున్నాడు. ఇంటికి తీసుకెళ్లిపోదామని పక్కకు తిప్పాడు.

"ఆగుర పెద్దులూ," అన్నాడు పటేలు కుర్చీలోంచి. "దేవునిదంటే ఇడిసిపెట్టిన. దేవుడే వద్దన్నంక ఇగెవ్వరిది? తాసీల్దారు సాబొస్తుండు, పెద్ద విందున్నది. పోచిగా, తాడెయ్యి."

పోచయ్య తల దించుకుని తాడు తీశాడు.

ఇది నాది, నేనియ్య. అంతే అనాలి. రెండు మాటలు. పెద్దులు గొంతు దాకా వచ్చాయవి. జానయ్య వైపు చూశాడు. జానయ్య నేల చూస్తున్నాడు. వాడలో వాళ్ల వైపు చూశాడు. అందరికీ నేలలోనే ఏదో కనిపిస్తోంది. ఇయ్యనంటే మిగతా మంద కూడా పోతుంది. తాడు పట్టుకున్న పోచయ్య వీపు చిట్లుతుంది. రేపు ఈ జనంలో ఒక్కొక్కడి ఇంటి ముందూ పటేలు మనుషులు నిలబడతారు. ఇన్నేళ్లూ రాజుల పక్షాన నిలబడి చరిత్ర చదివినవాడికి, కప్పం కట్టేవాడి పక్షాన ఏం మాట్లాడాలో తెలియలేదు. పటేలు విందు ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. సామంతుణ్ణి గొంతుకు ఉరి బిగించి, ఎండలో ఈడ్చుకుపోతారు. అది వెనక్కి తిరిగి తిరిగి తన కోసం చూస్తుంది. అది అతను భరించలేకపోయాడు. ఇక్కడైతే తన పక్కనే, ఒక్క వేటుకు పోతుంది.

"ఒక్కసారి ఆగు పటేలా, నీ కాల్మొక్త," అన్నాడు. "మొక్కింది నేను. నీళ్లు నా చేతితోని పొయ్యాలె. గందుకే ఒప్పుకుంటలేడు."

జానయ్య చెంబు అతని చేతికిచ్చాడు. పటేలు కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

సామంతుడికి నీళ్లంటే భయం లేదు గాని, ఎడమ చెవిలో చుక్క పడితే మాత్రం సహించదు. అది పెద్దులుకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. బావి దగ్గర రోజూ స్నానం చేయిస్తూ ఆ చెవి మీద అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. ఇప్పుడు చెంబు ఎత్తాడు. అలవాటుగా అరచెయ్యి చెవి మీదికి పోయింది. ఒక క్షణం అక్కడే ఉంది. తర్వాత తీసేశాడు.

సామంతుడు తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది.

డోళ్లు ఒక్కసారిగా లేచాయి. జనం బీరప్పను తలచుకుని కేకలు పెట్టారు. జానయ్య కళ్లనీళ్లు పెట్టుకుని పెద్దులును కౌగిలించుకున్నాడు. నిజమైన భక్తుడని నలుగురిలో చెప్పాడు. పోచయ్య తాడు చుట్ట చుట్టి సంకలో పెట్టుకున్నాడు. దేవుడితో తగాదా పెట్టుకోలేక పటేలు కుర్చీలో వెనక్కి వాలి, "మంచిది, కాలు పంపియ్యుండ్రి," అన్నాడు. పంపారు. మంచి కాలే పంపారు.

అందరూ వంటల దగ్గరికి వెళ్లాక పెద్దులు ఒక్కడూ గుడి ముందే మిగిలాడు. తెగిన తలను ఒళ్లో పెట్టుకుని, గొంగడి అంచును వేలికి చుట్టి, దాని ఎడమ చెవి లోపల మెల్లగా తుడుస్తున్నాడు.

బక్కమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఇగ లే, పోదాం," అంది.

"ఆగే," అన్నాడు పెద్దులు. "చెవుల నీళ్లుంటే దీనికి పడది."