చిన్ని ఎడమ కన్ను

మనోజ కొత్త కెమెరా కొని ఆ శుక్రవారానికి తొమ్మిది రోజులు. అరవై ఒక్క మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్. ఫొటోలూ అదే తీస్తుంది, వీడియోలూ అదే తీస్తుంది. ఒక ముఖాన్ని తీసి మూడంతస్తుల హోర్డింగు చేసినా కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయని షాపతను చెబితే, అమ్ముకునేవాడి మాటే కదా అనుకుంది. ఇంటికి తెచ్చిన రోజే వాళ్లమ్మ బాలమణి చేతుల్ని తీసి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసింది. చింతపండు పిసికిన చేయి. అరచేతి గీతలో ఇరుక్కున్న సన్నటి పీచు కూడా కనిపించింది. ఆ సాయంత్రమంతా ఇంట్లో కంటబడ్డ ప్రతి వస్తువునీ ఫొటో తీస్తూనే ఉంది.

యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగిన మనిషి. పన్నెండేళ్లుగా సినిమాలకు స్టిల్స్ తీస్తోంది. సినిమాలు లేనప్పుడు పుట్టినరోజులు, బారసాలలు, పసిపిల్లల ఆల్బమ్‌లు. పిల్లల్ని నవ్వించడంలో ఆమెకు పేరుంది. ఫొటోలు దిద్దడంలో ఇంకా పేరుంది. మచ్చ అయినా, కళ్ల కింద నలుపయినా ఆమె చేయి పడితే మాయం. దిద్దినట్టు మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ శుక్రవారం పొద్దున పది గంటలకి ఆమె జూబ్లీహిల్స్‌లో నిర్మాత వరప్రసాద్ ఇంట్లో ఉంది. ఆయన తీయబోయే సినిమాలో కథానాయిక పసితనం సన్నివేశం ఒకటుంది. అందులో సొంత మనవరాలు చిన్నినే పెట్టాలని ఆయన ముచ్చట. పిల్లకి రెండేళ్ల రెండు నెలలు. వేషం వేసి నాలుగు ఫొటోలు, నడుస్తుంటే ఒక చిన్న వీడియో తీసి పంపితే దర్శకుడు చూస్తాడు. ఆయన ఫిల్మ్‌నగర్ ఆఫీసుకి వెళ్లిపోయాడు. ఇంట్లో ఆయన భార్య పుష్పవల్లి, కోడలు నిహారిక, నిహారిక కూతురు చిన్ని.

ఆ ఇల్లు మనోజకి కొత్త కాదు. పద్నాలుగు నెలల కిందట చిన్ని మొదటి పుట్టినరోజు ఫొటోలు తీసింది ఆమే. వాటిలో కొన్ని మళ్లీ ప్రింట్ వేయించాలని పుష్పవల్లి ఫోన్‌లో చెప్పడంతో ఆ ఫొటోలున్న హార్డ్‌డిస్కు కూడా బ్యాగులో వేసుకుని వచ్చింది.

కిందిగదిలో తెరలు దించి, ఒక మూల లైటు పెట్టి, చిన్నిని పీట మీద కూర్చోబెట్టారు. పట్టు పావడా, రెండు పిలకలు.

"అమ్మలూ, గిటు సూడు. గీడ పిట్ట ఉంది సూడు," అంది మనోజ.

చిన్ని చూసింది, నవ్వింది. కెమెరా దానంతటదే మనిషి కంటిని వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్న కంటి చుట్టూ తెర మీద చిన్న చతురస్రం వెలుగుతుంది. అది కుడి కంటి మీద చక్కగా నిలబడింది. ఎడమ కంటి వైపు తిప్పితే ఒక క్షణం తడబడి మళ్లీ కుడి కంటికే వచ్చేసింది. కొత్త కెమెరా కదా, తనకే ఇంకా చేయి తిరగలేదనుకుంది మనోజ. ఫ్లాష్‌తో పది పన్నెండు ఫొటోలు తీసింది.

"పాపకు జర మెల్ల ఉన్నట్టుంది మేడమ్," అంది మాటవరసకి.

"ఈమధ్యే వచ్చిందమ్మా," అంది పుష్పవల్లి మురిపెంగా. "కొంచెం మెల్ల ఉంటే అదృష్టం. మా అత్తగారికీ ఉండేదట."

పిల్లకి రెండో గౌను మార్చడానికి నిహారిక పైకి తీసుకెళ్లింది. పుష్పవల్లి కాఫీ సంగతి చూడ్డానికి లోపలికి వెళ్లింది. మనోజ ల్యాప్‌టాప్ తెరిచి ఫొటోలు చూసుకుంటూ కూర్చుంది.

మొదటి ఫొటోలో చిన్ని కుడి కంటిపాప ఫ్లాష్ వెలుగుకి ఎర్రగా ఉంది. అది మామూలే. ఎడమ కంటిపాప తెల్లగా ఉంది. లేత కొబ్బరి ముక్క పెట్టినట్టు, కొంచెం పసుపు కలిసిన తెలుపు.

ఫ్లాష్ ఏదో అడ్డంగా పడిందనుకుంది. రెండో ఫొటో తెరిచింది. అదే తెలుపు. నాలుగోదీ అంతే. ఆరోది తెరిచి కంటిని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. పాత కెమెరాలో అయితే ఈపాటికి బొమ్మ చెదిరిపోయి చుక్కలు మిగిలేవి. ఇందులో చెదరలేదు. తెరంతా నిండిన ఆ కంటిపాప లోపల, ఆ తెలుపు మీద, జుట్టుకంటే సన్నటి ఎర్రని దారాలు పాకి ఉన్నాయి.

నిహారిక గౌను మార్చి చిన్నిని తీసుకొచ్చింది. మనోజ ఫ్లాష్ తీసేసి, వీడియో పెట్టి, పాపను తల్లి దగ్గర్నుంచి తనవైపు నడిపించమంది. చిన్ని బొమ్మ ఏనుగును పట్టుకుని వచ్చింది. మధ్యలో లైటు వైపు ఒకసారి తల తిప్పింది. అంతే. కెమెరా వెనక తెర మీద ఎడమ కన్ను ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది. ఫ్లాష్ లేదు. కెమెరా తప్పు కాదు. ఉన్నదాన్నే కెమెరా చూపిస్తోంది.

అప్పుడు మనోజకి ఇంకోటి గుర్తొచ్చింది. బుద్ధికంటే ముందు చేతికి గుర్తొచ్చింది. ఈ తెలుపు తనకి తెలుసు. దీన్ని ఎలా కప్పాలో తన వేళ్లకి తెలుసు.

"ఒక్క అయిదు నిమిషాలు మేడమ్," అని హార్డ్‌డిస్కు తగిలించింది. పుట్టినరోజు ఫొటోల్లో దిద్దకముందువి వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. తెరిచింది. కేకు ముందు చిన్ని, తాతయ్య ఒళ్లో చిన్ని, బెలూన్ల మధ్య చిన్ని. అన్నిటిలో కాదు. తొమ్మిదింటిలో ఎడమ కంట్లో తెల్లటి చుక్క ఉంది. అప్పటికి అది చిన్నదే, ఆవగింజంత.

దిద్దినవి తెరిచింది. తొమ్మిదింటిలోనూ రెండు కళ్లూ నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. కుడి కన్ను కాపీ చేసి, తిప్పి, ఎడమ కంటి మీద అతికించింది తనే. ఒక్కొక్క ఫొటోకి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. పని చేస్తూ టీ తాగి ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడి ఉంటుంది. ఇదెందుకు ఒకే కంట్లో వస్తోందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఫోన్ తీసి, తెలిసిన డాక్టరమ్మ నంబరు వెతికింది.

డాక్టర్ శారదాదేవి కంటి వైద్యురాలు. కిందటేడు ఆవిడ భర్త షష్టిపూర్తికి మనోజే ఫొటోలు తీసింది. ఆరో ఫొటోలోని కన్ను మాత్రం కత్తిరించి ఆవిడకి పంపింది. "పాపకు రెండేండ్లు. ఇదేంది మేడమ్?" అని రాసింది. నాలుగు నిమిషాల్లో ఫోన్ మోగింది. మనోజ బయటి పోర్టికోలోకి వెళ్లి ఎత్తింది.

"ఎవరి పాప ఇది?" అన్నారు శారదాదేవి. పలకరింపు కూడా లేదు.

"తెలిసినోళ్ల బిడ్డ మేడమ్. షూట్ల ఉన్న."

"తల్లిదండ్రులు పక్కనే ఉన్నారా? ఇవాళే తీసుకురమ్మను. రేపు కాదు, ఇవాళే. నేను ఆస్పత్రిలోనే ఉంటాను."

"ఏమైంది మేడమ్?"

"చూడకుండా చెప్పకూడదు. కంటి లోపల గడ్డ ఉండొచ్చు. పసిపిల్లలకి కంట్లో ఒకరకం క్యాన్సర్ వస్తుంది, మనోజా. అది కాకపోతే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. ముందు తీసుకురా."

పోర్టికో బయట డ్రైవరు కారు తుడుస్తున్నాడు. కొండ కింద ట్రాఫిక్ మోత. అంతా ఇందాకటి లాగే ఉంది. కంట్లో క్యాన్సర్. రెండేళ్ల పిల్లకి. అలాంటిదొకటి ఉంటుందని ముప్పయ్యేడేళ్ల వయసులో మనోజ మొదటిసారి వింది.

లోపలికి వెళ్లి నిహారిక ఎదురుగా కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది.

"మేడమ్, గీ ఫొటో సూడండి. పాప ఎడమ కన్ను."

నిహారిక చూసింది. భయపడలేదు. చిన్నగా నవ్వింది కూడా. "ఇదా? సాయంత్రాలు దేవుడి గదిలో దీపం పెట్టినప్పుడు కూడా ఇలాగే మెరుస్తుందండీ. పిల్లి కన్ను అని సుహాస్ ఏడిపిస్తుంటారు." సుహాస్ ఆమె భర్త.

"నేనొక కంటి డాక్టరమ్మకు పంపిన మేడమ్. ఇయ్యాలనే తీస్కరమ్మన్నరు."

"ఎందుకు?"

"లోపట గడ్డ ఉండొచ్చంటున్నరు."

కాఫీ గ్లాసులతో వచ్చిన పుష్పవల్లి గుమ్మంలోనే ఆగింది. "ఏం మాటలమ్మా అవి? ఫొటోలో ఏదో మెరిసిందని పసిదానికి గడ్డ అంటగడతావా? కెమెరా కొత్తదన్నావుగా. అది సరిగ్గా ఉందో లేదో ముందు అది చూసుకో."

మనోజకి తోచింది ఒక్కటే. "మేడమ్, పాప కుడి కన్ను ఒక్క నిమిషం మీ చేత్తోటి మూయండి," అంది నిహారికతో.

చిన్ని నేల మీద కూర్చుని ఏనుగు తొండానికి రిబ్బను చుడుతోంది. నిహారిక వెనక నుంచి ఎడమ కన్ను మూసింది ముందు, పొరపాటున. పిల్ల పట్టించుకోలేదు, రిబ్బను చుడుతూనే ఉంది. చేయి మార్చి కుడి కన్ను మూసింది.

చిన్ని చేతులు ఆగిపోయాయి. ఏనుగు జారి ఒళ్లోంచి కింద పడింది. పక్కనే పడిన దానికోసం పిల్ల నేలంతా తడిమింది. దొరకలేదు. "అమ్మా, లైటు," అంది. ఎవరో లైటు తీసేశారనుకుంది. "అమ్మా, లైటెయ్యి," అంటూ ఏడుపు లంకించుకుని తల్లి చేతిని రెండు చేతులతో లాగేసింది.

నిహారిక ఆ చేతిని అలాగే గాలిలో ఉంచుకుని కూర్చుండిపోయింది. పుష్పవల్లి చేతిలో ట్రే వంగి కాఫీ తెల్లటి గచ్చు మీద పారుతోంది. ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. చిన్ని మాత్రం ఏనుగును వెతుక్కుని తీసుకుంది.

"ఇది ఎప్పటి నుంచి?" అంది నిహారిక చివరికి. ఎవరిని అడుగుతోందో ఆమెకే తెలియనట్టుంది.

మనోజకి తెలుసు. హార్డ్‌డిస్కు ఊడదీసి బ్యాగులో వేసుకుంది.

పన్నెండున్నరకి ఆస్పత్రిలో ఉన్నారు. సుహాస్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. శారదాదేవి పిల్లను చూసి, స్కాన్ చేయించి, మర్నాడు మత్తు ఇచ్చి మళ్లీ చూశారు. డాక్టరమ్మ చెప్పింది విని సుహాస్ మూడుసార్లు అదే ప్రశ్న అడిగాడు. మూడుసార్లూ అదే జవాబు వచ్చింది. ఎడమ కంట్లో చూపు ఎప్పుడో పోయింది. గడ్డ కన్నంతా నిండింది. కుడి కన్ను బాగానే ఉంది. ప్రాణం నిలవాలంటే ఎడమ కన్ను తీసేయాలి, ఈ వారంలోనే.

నిహారిక బయటికి వచ్చి, నడవాలో బెంచీ మీద ఉన్న మనోజ చేతులు పట్టుకుంది. "మీరు చూడకపోతే ఏమయ్యేదండీ. మీరే కాపాడారు దాన్ని," అంది.

ఆ మాట మనోజ భరించలేకపోయింది. అప్పటిదాకా చెప్పాలా వద్దా అని రెండు రోజులుగా నలుగుతోంది. చేతులు వెనక్కి తీసుకుంది.

"మొదటి పుట్టినరోజు ఫొటోలల్ల కూడా ఉండె మేడమ్. తొమ్మిదిట్ల. చిన్నగ ఉండె."

నిహారికకి అర్థం కాలేదు. "ఏ ఫొటోలు? మా ఇంట్లో ఉన్నవాటిలో లేదే."

"నేనే తుడిచిన. ఫ్లాష్ అనుకొని దిద్దేసిన."

నిహారిక ముఖం పాలిపోయింది. వెనక్కి తిరిగి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పద్నాలుగు నెలల ముందే పట్టుకుని ఉంటే కన్ను దక్కేదా అని మనోజ తర్వాత శారదాదేవిని అడిగింది. "దక్కి ఉండొచ్చు. దక్కకపోయీ ఉండొచ్చు," అన్నారావిడ. "నిన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పను. కానీ ఇంకో మూడు నెలలు ఆగి ఉంటే పిల్లే దక్కేది కాదు. అది కూడా నిజమే."

ఆపరేషన్ అయింది. గడ్డ కన్ను దాటి నరంలోకి పాకలేదని పరీక్షలో తేలింది. ఆ కబురు కూడా డాక్టరమ్మ ద్వారానే తెలిసింది. ఆ ఇంటి నుంచి ఫోన్ రాలేదు.

మనోజ నెల రోజులు కొత్త కెమెరా ముట్టుకోలేదు. పొద్దున్నే కూర్చుని, ఇన్నేళ్లలో తను తీసిన పిల్లల ఫొటోలు, దిద్దకముందువి, ఒక్కొక్కటే తెరిచి కళ్లు చూసింది. రెండు వందల పైచిలుకు పిల్లలు. ఏం చేస్తున్నావని బాలమణి అడిగితే, "పనుంది," అంది. ఇద్దరి విషయంలో అనుమానం వచ్చింది. శ్రీనగర్ కాలనీలో ఒక తండ్రి ఫోన్‌లో తిట్టి పెట్టేశాడు. వారం తర్వాత ఆయనే, పరీక్ష చేయించాం, ఏమీ లేదట, అని మెసేజ్ పెట్టాడు. వెంగళరావు నగర్‌లో ఇంకో తల్లి పిల్లాడిని ఎత్తుకుని ఆ రోజే వెళ్లింది. అక్కడా ఏమీ లేదు. వాడు పక్కకి చూసినప్పుడు పడిన వెలుగు, అంతే. ఆ మాట విని మనోజ వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది.

నాలుగు నెలలకి నిహారిక ఫోన్ చేసింది.

"చిన్నికి కృత్రిమ కన్ను పెట్టారు. ఫొటోలు తీయాలి. వస్తారా?"

"నేనా మేడమ్?"

"మీ మీద కోపం పోయిందని కాదు. రాత్రుళ్లు ఇంకా లెక్కేసుకుంటూనే ఉంటాను, పద్నాలుగు నెలలు అని. కానీ నేను రోజూ చూశాను ఆ మెరుపు. ముద్దుపెట్టుకున్నాను దాన్ని. మిమ్మల్ని ఒక్కరినే అనలేను. వేరే ఎవరినైనా పిలిస్తే దాన్ని అదోలా చూస్తారు. మీరు రండి."

ఆదివారం పొద్దున మనోజ వెళ్లింది. పుష్పవల్లి తలుపు తీసి, పక్కకి జరిగి దారి ఇచ్చింది. చిన్ని తల్లితో తోటలో ఉంది. కొత్త కన్ను నల్లగా, నిలకడగా ఉంది. కుడి కన్ను మాత్రం సీతాకోకచిలుక వెంట పరిగెడుతోంది. మెడలో కెమెరాతో వచ్చిన మనిషిని చూసి పిల్ల ఆగింది.

"పిట్ట ఏదీ?" అంది.

"ఇయ్యాల పిట్ట లేదమ్మలూ. నువ్వే ఉన్నవ్," అంది మనోజ. గడ్డి మీద మోకాళ్లూని కెమెరా కంటికి ఆనించుకుంది. మొదటి నాలుగు ఫొటోలూ కదిలిపోయాయి. అయిదోదానికి చిన్ని విసుగొచ్చి తల్లి దగ్గరికి పరిగెత్తింది. మనోజ లేచి, వాళ్లిద్దరి దగ్గరికి నడిచింది.