ఉషారాణి నెయిల్ పార్లరు

ఆ ఏడు ఎండాకాలం పెళ్లిళ్ల సీజన్లో, మదనపల్లె ఆస్పత్రిలో కట్లు కట్టే గదికి ఒకే వారంలో ముగ్గురు ఆడవాళ్లు గోరుచుట్టుతో వచ్చారు. ముగ్గురికీ కాలి బొటనవేలే. వాచి, చీము పట్టి ఉంది. మూడు వేళ్ల మీదా ఒకటే దానిమ్మరంగు పాలిష్.

కరుణ ఆ గదిలో పదహారేళ్లుగా నర్సు. టమేటా కోతలప్పుడు పెద్దపంజాణి వైపు నుంచి వచ్చే కూలీల వేళ్లకు ఎన్ని కట్లు కట్టిందో లెక్కలేదు. కానీ ఈ ముగ్గురూ తోటలో కాలు పెట్టే మనుషులు కారు. మూడో ఆమె సరోజమ్మ, పెద్ద బట్టల కొట్టాయన భార్య.

"యాడ తెగిందమ్మా ఇది?" అని అడిగింది కరుణ.

"తెగలేదు సిస్టరమ్మా. ఉషారాణి పార్లర్లో కాళ్లకు పెడిక్యూరు చేయించుకుంటిని," అంది సరోజమ్మ పళ్లు బిగబట్టి. "సర్వీసంటే అది. ఏసీలో కూచోబెట్టి, కాళ్లు గులాబీ రేకుల నీళ్లలో పెట్టించి, తాగను కూల్‌డ్రింకు కూడా ఇచ్చింది."

"మరి ఈ చీము?"

"అది నా ఒంటి తత్వంలే. నాది వేడి శరీరం."

మిగతా ఇద్దరూ ఆ పార్లరుకు పోయొచ్చినవాళ్లే. వాళ్లలో ఒకామె నేరం మామిడిపండ్ల మీదికి తోసింది. ఇంకొకామె దిష్టి అంది. పార్లరు మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు.

శనివారం డ్యూటీ దిగి కరుణే అక్కడికి పోయింది. మిద్దె మీద గది, బయట 'మదనపల్లెలో మొట్టమొదటి నెయిల్ పార్లరు' అని బోర్డు. ఉషారాణిది కుప్పం. బెంగళూరులో నలభై రోజులు కోర్సు చేసి వచ్చి ఈ పార్లరు పెట్టింది. ఎవరు మెట్లెక్కినా ముందు చెప్పులు చూసి, ఆ తర్వాత ముఖం చూసేది. ఆ రోజు ముందుగా వచ్చిన బ్యాంకు మేనేజరు భార్యకు "రండి మేడమ్" అని మెత్తటి కుర్చీ. కరుణ రబ్బరు చెప్పులకు ప్లాస్టిక్ స్టూలు, పంపు నీళ్లు. గులాబీ రేకులు మేనేజరు భార్య దగ్గరే అయిపోయినట్టున్నాయి.

మేనేజరు భార్య గోళ్లు కత్తిరించిన కట్టరును ఉషారాణి తన ఒళ్లో టవలుకే తుడిచి, నేరుగా కరుణ కాలి దగ్గరికి తెచ్చింది. కరుణ కాలు వెనక్కి లాక్కుంది.

"ఇది ఉడకబెట్టవా అమ్మా?"

"బెంగళూరు సామానక్కా. తుప్పు పట్టదు."

"తుప్పు గురించి కాదు. నీ దగ్గరికొచ్చిన ముగ్గురికి గోరుచుట్టు లేసుండాది. ఆస్పత్రిలో నేనే కట్లు కట్టినా."

"నా సర్వీసును ఇంతవరకు ఎవురూ ఒక్క మాట అనలేదు. కావల్నంటే సూడు," అని ఉషారాణి కస్టమర్ల అభిప్రాయాల పుస్తకం చేతికిచ్చింది.

అందులో ఇరవైమంది 'అధ్బుతం' అని రాసి ఉన్నారు. ఇరవైమందిదీ ఒకటే ఊదారంగు సిరా, ఒకటే చేతిరాత, ఒకటే తప్పు. వాటి కింద కరుణ నాలుగు వాక్యాల్లో చూసింది చూసినట్టు రాసిచ్చింది. ఉషారాణి తీరిగ్గా చదివి, నవ్వి, ఆ పేజీ నిండా పట్టేటట్టు ఒక పెళ్లికూతురి ఫొటో గమ్ముతో అంటించింది.

మంగళవారం సరోజమ్మ మళ్లీ వచ్చింది. గోరు తీసేయాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఆ మాటకు ఆమె పెద్దగా చలించలేదు.

కరుణ కట్టు విప్పుతూ, "నీ కంటే ముందు కూర్చున్న మనిషి కాలి మురికి అదే కట్టరుతో నీ వేల్లోకి వచ్చిందమ్మా," అంది.

సరోజమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆమె ముఖం పాలిపోయింది.

"నా కంటే ముందు కూర్చునింది మా తోడికోడలు అక్కమ్మ. ఆమె ఇంట్లో నేను నీళ్లు కూడా ముట్టక నాలుగేండ్లు అయింది. దాని కాల్లోది నా కాల్లోకా?"

చీముకు రాని కోపం అప్పుడొచ్చింది. గోరు తీయించుకున్న కాలితోనే కుంటుకుంటూ పార్లరు మెట్లెక్కి, కూర్చున్న ఆడవాళ్లందరి ముందూ ఉషారాణిని కడిగేసింది. పది రోజులు ఆ మెత్తటి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

పదకొండో రోజు ఉషారాణి ఆస్పత్రికి వచ్చింది. పొరపాటైందన్న మాట ఎత్తలేదు.

"ఎంతసేపు ఉడకబెట్టాల సిస్టర్?"

"కుక్కర్లో ఇరవై నిమిషాలు."

"కోడిగుడ్డుకే పది చాలు గదా?"

"గుడ్డు తినేస్తావు. దీన్ని ఇంకొకరి వేల్లో పెడతాండావు," అంది కరుణ.

వారం తిరిగేలోగా కొత్త బోర్డు లేచింది. 'ఆవిరిలో ఉడికించిన సామాన్లు, ఆస్పత్రి నర్సు పర్యవేక్షణలో.' రేటు కూడా పెరిగింది. జనం మెట్ల మీద నిలబడి ఎదురుచూశారు. కరుణ కోపంగా పోయి ఆ నర్సు మాట చెరిపించింది. పెంచిన రేటు మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఆర్నెల్లకు పుంగనూరులో రెండో పార్లరు కూడా తెరిచింది ఉషారాణి. రిబ్బను కత్తిరించింది సరోజమ్మే. ఆ వేలికి గోరు ఇంకా సగమే వచ్చింది.

కరుణకు మైసూరుపాకు పొట్లం, ఉచిత పెడిక్యూరు కూపను వచ్చాయి. మైసూరుపాకు వార్డులో పంచేసింది. కూపను చించబోయి ఆగింది. చీము పట్టిన బొటనవేళ్లు ఆస్పత్రికి మళ్లీ రాని మాట నిజమే గాని, కుక్కరు పెడతాండారో లేదో కళ్లారా చూడాల గదా అనుకుంది.

ఆదివారం చర్చి నుంచి అటే పోయింది. కుక్కరు ఆరు కూతలు కూసేదాకా దాని పక్కనే నిలబడింది. ఆ తర్వాత ఉషారాణి "రండి మేడమ్" అని మెత్తటి కుర్చీ చూపించింది. నీళ్లలో గులాబీ రేకులు తేలుతున్నాయి. పదహారేళ్లు నిలబడి నిలబడి కాయలు కాసిన పాదాలు ఆ వెచ్చదనంలో వదులయ్యాయి. హాయిగా ఉందని ఒప్పుకోవడానికి ఆమెకు చాలా కష్టమైంది.