సీసాలో సామి వాటా

విశాఖ ప్రయాణానికి ముందు మాకు చేయాల్సిన పనులు ఇవి:

ఆసుపత్రి కాగితాలు వరసగా పేర్చి ప్లాస్టిక్ కవరులో పెట్టాలి.
అత్త మందులు, రెండు చీరలు, దువ్వెన సంచిలో సర్దాలి.
కోళ్లను ఎదురింటి దోర్కాస్ పిన్నికి అప్పజెప్పాలి.
కొబ్బరికాయలు కొనే ఆయనకు ఫోన్ చేసి మేం వచ్చేదాకా ఆగమనాలి.
సామికి నీళ్లు పోసి, వచ్చినవాళ్లకు తీర్థం ఇవ్వాలి.
సామిని తులసాకుతో సహా తెల్లగుడ్డలో చుట్టి, పలాసలో ఢిల్లీరావు మావ చేతిలో పెట్టాలి.

మొదటి నాలుగూ నేను ముందురోజే చేసేశాను. అయిదోది ఎప్పటిలాగే అత్త చేసింది. ఆరోదానికి మాత్రం మా ఇద్దరికీ చేతులు రాలేదు.

మా అత్త పేరు కాంతం. నాన్నకు అక్క. జలంత్రకోటలో కొబ్బరిచెట్ల నడుమ రెండు గదుల ఇల్లు ఆమెది. పిల్లలు లేరు. ఆ పక్కనే గ్రామ సచివాలయంలో నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఆమె దగ్గరే ఉంటున్నాను. మా సొంతూరు నందిగాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అందుకని బంధువుల్లో ఎవరికి కాగితంతో పనిపడినా, ఆసుపత్రితో పనిపడినా నన్నే పిలుస్తారు. అత్తకు కిడ్నీ జబ్బు మొదలయ్యాక ఆ పనులు ఇంకా పెరిగాయి.

సామి అంటే సాలగ్రామం. నిమ్మకాయంత నల్లరాయి. చేత్తో పట్టుకుంటే చూసినదానికన్నా బరువుగా ఉంటుంది. ఒక పక్క చిన్న నోరు తెరుచుకుని ఉంటుంది. అందులోకి వెలుతురు పడేలా పట్టుకుంటే లోపల చుట్టలు చుట్టుకున్న చక్రం కనిపిస్తుంది. అది ఎవరూ చెక్కింది కాదు. గండకీ నది రాళ్లను దొర్లించి, దొర్లించి నునుపు చేస్తే బయటపడింది. అందుకే దాన్ని గుడిలో విగ్రహంలా ప్రతిష్ఠ చేయనక్కరలేదంటారు. విష్ణువు అందులో తనంతట తానే ఉంటాడట. అది ఇంట్లో ఉన్నవాళ్లకు ఉన్న పెద్ద నియమం ఒక్కటే. ఏ రోజూ నీళ్లు లేకుండా, ఇంత నైవేద్యం లేకుండా ఉంచకూడదు.

దాన్ని తెచ్చింది పోలారావు మావ, అత్త భర్త. పెళ్లయిన కొత్తలో ఆయన నేపాల్‌లో కరెంటు ప్రాజెక్టుకి సొరంగం తవ్వే పనికి వెళ్లాడు. అక్కడ ఏటి ఒడ్డున టీ కాచే ముసలామె దగ్గర రోజూ టీ తాగేవాడట. ఇంటికి బయల్దేరిన రోజున ఆమె ఈ రాయి చేతిలో పెట్టి, దీన్ని ఎండనివ్వకు అని చెప్పిందట. ఆమె భాష ఈయనకు పూర్తిగా రాదు. ఆ ఒక్క ముక్క మాత్రం సైగలతో సహా అర్థమయ్యింది.

ఆడవాళ్లు సాలగ్రామం తాకకూడదని కొందరంటారు. మావ పోయాక అత్త ఆ భయంతోనే టెక్కలి వెళ్లి ఒక పంతులుగారిని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "అలా అనేవాళ్లు ఉన్నారు తల్లీ. కానీ సామిని ఎండబెట్టి ఆ మాట నిలబెట్టమని నేను చెప్పలేను. నువ్వే నీళ్లు పొయ్యి" అన్నారు. ఆ ధైర్యంతోనే అత్త ఇన్నేళ్లుగా పోస్తోంది.

నేను డిగ్రీలో చదివింది ఒకరోజు అత్తకు చెప్పాను. ఆ చక్రం ఒకనాటి సముద్రపు నత్తలాంటి జీవి గుర్తు. హిమాలయాలు ఉన్నచోట పూర్వం సముద్రం ఉండేది. అడుగున మట్టి గట్టిపడి, కొండై పైకి లేచింది. ఆ కొండను కోసుకుంటూ నది ఆ గుల్లను బయటికి తీసింది. ఇదంతా చెబితే ఆమె మనసు కష్టపెట్టుకుంటుందేమో అనుకున్నాను. అత్త రాయిని అరచేతిలో పెట్టుకుని పెద్దగా నవ్వింది.

"ఓలమ్మ! అయితే సామి మన సముద్రపోడేనేటి! కొండెక్కీసి, ఏట్లో దిగి, మీ మావ లుంగీలో పడి మళ్లీ సముద్రం ఒడ్డుకొచ్చీసినాడు. సూడు, ఎంత తిరిగినాడో పాపం!"

ఆ రోజు నుంచి సముద్రపు గాలి గట్టిగా వీస్తే, "మీవోల్లు పిలుత్తన్నారు సామీ" అని రాయితో పరాచికాలాడేది.

ఇక నీళ్ల సంగతి చెప్పాలి. మా ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. బావినీళ్ల మీద మాత్రం అందరికీ అనుమానం. మావ అదే జబ్బుతో పోయాక అత్త తాగడానికి క్యాన్ నీళ్లు తెప్పించుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజే సామికీ బావినీళ్లు మానేసింది. "నేను తాగడానికి జడిసిన నీల్లు ఆడికెలా పోత్తాను?" అంది.

తర్వాత ఆమెకూ డయాలిసిస్ తప్పలేదు. డాక్టరు నీళ్లకు కొలత పెట్టాడు. అత్త ఒక పాత కూల్‌డ్రింకు సీసా మీద నా గోళ్లరంగుతో గీత గీయించుకుంది. రోజంతటికీ ఆ గీత దాకానే. ఎండాకాలంలో పెదాలు పగిలి, నాలుక అట్టకట్టుకుపోయినా అంతే. పొద్దున్నే ఆ సీసాలోంచే సామికి పోసేది. క్యాన్ పక్కనే ఉన్నా ముట్టుకునేది కాదు. ఇత్తడి గిన్నెలోకి దిగిన ఆ నీళ్లను ఉద్ధరిణితో తీర్థంగా ఇచ్చేది. నాకు, పువ్వులు తెచ్చే అమ్ములుకు, దారినపోయేవాళ్లు ఎవరొచ్చినా వాళ్లకు. మిగిలింది తాను తాగేది. ఒక్కోరోజు ఏమీ మిగిలేది కాదు.

"క్యాన్‌లోంచి పోయొచ్చు కదా అత్తా" అంటే, "అవి కొనుక్కున్నవే గుంటా. ఇవి నావి" అనేది.

దోర్కాస్ పిన్నిది కూడా డయాలిసిస్సే. ఇద్దరూ ఒకే ఆటోలో పలాస వెళ్లేవాళ్లు. వాళ్లది బాప్టిస్టు సంఘం కాబట్టి ఆమె తీర్థం పుచ్చుకోదు. కానీ ఆటో వచ్చేదాకా మా అరుగు మీదే కూర్చుని అత్తను ఆటపట్టించేది.

"అక్కా, మీ సామి నీకన్నా ఎక్కువ తాగుతున్నాడే. ఆడికీ డయాలిసిస్‌కి పేరు రాయించీ."

"నీ నోరు పడిపోను! ఆడు తాగుతాడేటే? తానం సేసి తిరిగిచ్చీత్తాడు."

"అయితే నయమే. మా ఆయన తానం సేత్తే బకెట్టు కూడా తిరిగివ్వడు."

ఇద్దరూ అలా నవ్వుకుంటూ సూదులు పొడిపించుకోవడానికి వెళ్లేవాళ్లు.

అత్త చేతిలో సూది గుచ్చే నరం మూసుకుపోవడంతో ఈ విశాఖ ప్రయాణం వచ్చిపడింది. రెండో చేతికి ఆపరేషన్ చేయాలన్నారు. తోడు నేనే వెళ్లాలి. మరి సామికి ఎవరు? ఆ బెంగతో అత్తకు అన్నం సయించలేదు. ఈ వారం సంగతి ఒక్కటే కాదు. తన తర్వాత ఎవరు పోస్తారన్నది ఆమె అసలు బెంగ. పైకి అనేది కాదు. రాయిని తుడిచేటప్పుడు ఆమె చెయ్యి ఆగిపోవడం చూసి నేను తెలుసుకున్నాను.

అప్పుడే ఢిల్లీరావు మావ వచ్చాడు. పోలారావు మావకు తమ్ముడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడుపుతాడు. మనిషి మంచివాడే, గొంతే కొంచెం పెద్దది.

"వదినా, నాకిచ్చీ. కొత్తింట్లో మార్బుల్ మందిరం కట్టించీసేను. మోటారెట్టేను. సామి మీద రాత్రీ పగలూ నీల్లు పడతానే ఉంటాయి. ఒక్క సెనం ఆరడు."

"ఒక్క సెనం కూడానా?"

"ఒక్క సెనం కూడా. కరెంటు పోతే ఇన్వర్టరున్నాది."

అత్త కళ్లు మూసుకుంది. ఆమె మొహంలో అంత నిశ్చింత నేను చాన్నాళ్లకు చూశాను. "వారానికి కాదు మరిదీ, ఉంచీసుకో. నాకింక బెంగ లేదు" అంది.

నాకు ఏదోలా అనిపించింది. నన్ను అడగలేదే అనుకున్నాను. అయితే నేను పూజలు చేసే మనిషిని కాను, ఆ సంగతి ఆమెకు తెలుసు.

పలాస స్టేషన్ బయట మావకు సామిని ఇచ్చేశాం. రైల్లో అత్త ఖాళీ అరచేయి పైకి తెరిచి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నర్సులకు మోటారు సంగతే చెప్పింది. "మా సామికిప్పుడు నీల్లే నీల్లు" అని.

తిరిగొచ్చినరోజు స్టేషన్ నుంచి నేరుగా ఢిల్లీరావు మావ ఇంటికి వెళ్లాం. మందిరం నిజంగానే బాగుంది. తెల్లటి చలువరాతి కొండ కట్టించాడు. పైనుంచి సన్నగా ధార, దాని కింద సామి. పక్కన నీలం లైటు. నీళ్లు కింద తొట్టిలో పడి, గొట్టంలోంచి మళ్లీ పైకి ఎక్కుతున్నాయి. అత్త చేతులు జోడించి చాలాసేపు నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత సల్లగున్నాడో! నా ఇంట్లో ఎప్పుడైనా ఇలగున్నాడేటి?"

తర్వాత కట్టు లేని చెయ్యి చాపి, ధార కింద పుడిసిలి పట్టి, నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"తాగకు అక్కా!" మావ భార్య మోహిని పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వెల్లిన కాణ్నుంచీ అయ్యే నీల్లు తిరుగుతన్నాయి. పాచి పట్టకుండా మందేసేము."

అత్త అరచేతిలోంచి నీళ్లు నేల మీదికి జారిపోయాయి.

"మరి తీర్థమేటి ఇత్తన్నారు?"

"తీర్థమా?" మావ నవ్వాడు. "తాగడానికి ఫ్రిజ్జులో ఉన్నాయి కదా వదినా."

అత్త ఆయన మీద కోపం తెచ్చుకోలేదు. ఆ ధార వంకే చూస్తూ, నిదానంగా అంది. "తాగని నీల్లు సామి మీదెందుకు మరిదీ?"

"రాయి తాగుద్దేటి వదినా? తడుపుతున్నాం కదా!"

"రాయి తాగదు. మనం తాగుతాం. ఆడి మీంచి మనకాడికొత్తేనే అవి తీర్థం. తడపడానికైతే వానలేదేటి? రావివలస మల్లన్న సూడు, కప్పు లేకండా ఎండలోనే కూకున్నాడు. ఆయనకి ఎండ కావాల, కూకున్నాడు. ఈడికి తాగే మనుసులు కావాల."

మావకు చిన్నతనం అనిపించింది. గొంతు పెంచాడు. "బాగున్నాది! ఇంత సేసినా తప్పేనా? నీకు డాక్టరు గీత గీసి ఇత్తన్నాడు. నువ్వెన్నాళ్లు పోత్తావు? నీ తరవాత..." అని అక్కడితో ఆపేశాడు. మోహిని అత్త తల దించుకుంది.

అత్త చేత్తో సైగ చేసి మోటారు ఆపించింది. సామిని తీసి, వదల్లేక ఉద్ధరిణితో సహా వెంట తెచ్చుకున్న తన గిన్నె సంచిలోంచి తీసి అందులో పెట్టింది. తన సీసా బయటికి తీసింది. రైలు ఎండకు నీళ్లు ఎప్పుడో అయిపోవచ్చాయి. ఆ రోజుకు మిగిలింది అడుగున ఒక గుక్క. మూత తిప్పుతుంటే ఆమె పెదాలు చూశాను. తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అది నీ వాటా అత్తా. తాగు." నా సంచిలోంచి నా సీసా తీశాను. ఎండలో బయటికి వెళ్తే నాకు దాహం ఎక్కువ, అందుకని దాన్ని ఎప్పుడూ నింపుకునే తిరుగుతాను. మంత్రం ఏదీ రాదు. నారాయణా అనుకుంటూ సామి మీద మెల్లగా పోశాను. చక్రం ఉన్న నోట్లోకి నీళ్లు వెళ్లి, నిండి, అంచు మీంచి పొర్లాయి.

ఢిల్లీరావు మావ "రేపు నీకు పెళ్లయి ఏ ఊరెల్తావో. అప్పుడో?" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగాడు.

"అక్కడా నీళ్లు తాగుతాను కదా మావా."

అత్త నా మొహంలోకి చూసింది. "మరి ఇన్నాల్లూ సెప్పవేటే గుంటా?" అంది.

"నువ్వు అడగలేదు."

"పెద్ద సదువు సదివినదానివి, నీకు బరువెందుకని అడగలేదే."

ఆ గిన్నెలోంచి ముందు ఢిల్లీరావు మావకే తీర్థం ఇచ్చింది. ఆయన చెయ్యి కింద చెయ్యి పెట్టి పుచ్చుకుని, తడిచేత్తో తల తుడుచుకున్నాడు. తర్వాత మోహిని అత్త. తర్వాత నేను. చివర తాను ఒక్క ఉద్ధరిణి తీసుకుని, ఆ గుక్క నోట్లో కాసేపు ఉంచుకుని మింగింది. మందిరం మాత్రం మావ కూల్చలేదు. ఇప్పుడు అందులో రోజూ మంచినీళ్లు పోసి, ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే ఆడవాళ్లకు తాగడానికి ఇస్తున్నారు.

మేం ఇంటికి చేరేసరికి దోర్కాస్ పిన్ని కోళ్లను తోలుకొచ్చింది. గిన్నెలో సామిని చూసి, "మోటారు సామి తిరిగొచ్చీసినాడేటి?" అంది.

"నచ్చలేదంట. ఇదిగో, కొత్త మనిసిని కుదుర్సుకున్నాడు" అని అత్త నన్ను చూపించింది. ఆ సాయంత్రమే నా సీసా మీద కూడా తానే గోళ్లరంగుతో గీత గీసింది. అయితే కింద కాదు, పైన, మూతకు దగ్గరగా. ఆ గీతకు పైన ఉన్నది సామిది. కింద ఉన్నదంతా నాది. "నీకు భగమంతుడు సానా ఇచ్చినాడు. తాగు" అంది.

అత్త ఆ కార్తీకం చూసింది. మళ్లీ వేసవి చూడలేదు. చివరివారం తీర్థం మింగడానికి కూడా ఓపిక లేకపోతే దూదితో పెదాలు తడిపాను. దోర్కాస్ పిన్ని పక్కన కూర్చుని తన ప్రార్థన తాను చేసుకుంది.

ఇప్పుడు నాకు టెక్కలి బదిలీ అయ్యింది. అద్దెగదిలో కిటికీ దగ్గర సామి ఉన్నాడు. పొద్దున్న ఆఫీసుకు సీసా నింపగానే గీత పైది ఆయనకు పోస్తాను. పక్కగది వాళ్లు వచ్చి తీర్థం తీసుకుంటారు. రాయి ఇంకా నల్లబడిందని, చక్రం ఇంకా తేటగా కనిపిస్తోందని నాకు అనిపిస్తుంది. నిజమో కాదో తెలియదు.

ఇది చదివిన మీలో చాలామందికి నీళ్లకు కొలత ఉండదు. ఉండకూడదనే కోరుకుంటున్నాను. దాహమై గ్లాసు నిండా ముంచుకున్నప్పుడు, మొదటి గుక్కకు ముందు, జలంత్రకోట కాంతమ్మను ఒక్కసారి తలచుకోండి.